సెల్ఫ్ మోటార్ గోల: విప్పే ముందు వినాలి

కీ తిప్పగానే కారు టకటకమనో గర్రుమనో కొత్త శబ్దం చేసిందంటే, శ్రీకాకుళం వైపు చాలా షెడ్లలో ముందు వినపడే మాట "సెల్ఫ్ పోనాది బాబూ". సెల్ఫ్ అంటే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు మాత్రం సెల్ఫ్ మోటార్ నిక్షేపంలా ఉంటుంది. తేడా బ్యాటరీలోనో, బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కీ బాడీకీ కలిపే ఎర్త్ వైరులోనో, ఇంజిన్ కొసన తిరిగే బరువైన ఫ్లైవీల్ చక్రం చుట్టూ ఉండే పళ్ళ రింగులోనో ఉంటుంది. వేలు పోసి మోటార్ మార్పించాక కూడా అదే శబ్దం వస్తే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

శబ్దం ఎప్పుడు వస్తోందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. కీ తిప్పిన క్షణంలోనా, ఇంజిన్ తిరుగుతున్నంతసేపూనా, ఇంజిన్ అందుకున్నాకా? ఇది తేల్చడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. బానెట్ ఎత్తి ఒకరు పక్కన నిలబడితే, ఇంకొకరు కీ తిప్పితే చాలు. కాకపోతే లోపల ఏ వరసలో ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి.

కీ తిప్పినా, బటన్ నొక్కినా, ముందు రిలే అనే చిన్న కరెంటు స్విచ్ పనిచేసి సన్నటి వైరు గుండా సోలినాయిడ్‌కి కరెంటు పంపుతుంది. సోలినాయిడ్ అంటే మోటార్ వీపు మీద ఉండే చిన్న డబ్బా. దానిలో రెండు తీగ చుట్లు (కాయిళ్ళు) ఉంటాయి. ఒకటి గట్టిగా లాగేది, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచేది. రెండూ కలిసి లోపలి ఇనుప కడ్డీని లాగితే, దానికి తగిలించిన ఫోర్కు బెండిక్స్‌ను ముందుకు తోస్తుంది. బెండిక్స్ కొసన తొమ్మిదో పదో పళ్ళున్న చిన్న చక్రం, అంటే పినియన్, ఉంటుంది. అది వెళ్లి వందకు పైగా పళ్ళున్న ఫ్లైవీల్ రింగులో కూర్చుంటుంది. కడ్డీ పూర్తిగా లోపలికి పోయాకే రాగి కాంటాక్టులు కలుస్తాయి, లావు కేబుల్‌లోని కరెంటు మోటార్‌లోకి దిగుతుంది. ముందు పళ్ళు కలవాలి, ఆ తర్వాతే మోటార్ తిరగాలి. ఈ వరస తప్పినప్పుడే గర్రుమంటుంది.

ఇంజిన్‌ను నిమిషానికి 200 చుట్లు తిప్పాలంటే పినియన్ దాదాపు 2,400 చుట్లు తిరగాలి. ఇప్పటి మోటార్లలో లోపల ఇంకో గేరు సెట్టు ఉంటుంది కాబట్టి మోటార్‌లో తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, దానికి నాలుగైదు రెట్లు, అంటే 10,000 చుట్ల లెక్కలో తిరుగుతుంది. పాత అంబాసిడర్ సెల్ఫ్ బొంగురుగా, కొత్త కార్ల సెల్ఫ్ సన్నగా కూయడానికి కారణం ఇదే. ఆ సన్నటి కూత జబ్బు కాదు. ఇంజిన్ అందుకుని 800 చుట్లకు వచ్చాక మాత్రం ఫ్లైవీలే పినియన్‌ను తిప్పడం మొదలుపెడుతుంది. ఆ వేగం ఆర్మేచర్ దాకా వెళితే దాని తీగ చుట్లు విచ్చుకుపోతాయి. అందుకే బెండిక్స్‌లో ఒకవైపే పట్టే క్లచ్ పెడతారు. తొక్కడం ఆపినా చక్రం తిరిగేలా చేసే సైకిల్ ఫ్రీవీల్ పనే ఇదీ చేస్తుంది.

టకటక

ఇక అందరికీ ఎదురయ్యే శబ్దం. కీ పట్టుకున్నంతసేపూ టకటకటకమంటుంది, ఇంజిన్ మాత్రం కదలదు. డాష్‌బోర్డు లైట్లు ప్రతి దెబ్బకీ మినుకుమంటాయి. ఇక్కడ సెల్ఫ్‌ను తప్పుపట్టడం తొందరపాటు.

కాంటాక్టులు కలవగానే లాగే చుట్టు పని ఆగిపోతుంది, పట్టి ఉంచే చుట్టు ఒక్కటే మిగులుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే మోటార్ చిన్న పెట్రోల్ కారులో 100 నుంచి 150 ఆంపియర్లు, డీజిల్‌లో 200 పైన లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, పట్టి ఉంచే చుట్టుకు బలం చాలదు, స్ప్రింగు కడ్డీని వెనక్కి తోసేస్తుంది. కాంటాక్టులు విడిపోగానే భారం తగ్గి వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, సోలినాయిడ్ మళ్ళీ లాగుతుంది. సెకనుకు పలుమార్లు జరిగే ఈ లాగుడు తోపుడే టకటక. శబ్దం ఫ్యూజ్ బాక్సులోంచి సన్నగా వస్తే అది రిలే. ఇంజిన్ కిందనుంచి గట్టిగా వస్తే సోలినాయిడ్. రిలే మీద వేలు పెడితే ఏది కొడుతోందో తెలిసిపోతుంది.

శ్రీకాకుళం జిల్లాలో దీనికి ఒక సీజన్ కూడా ఉంది. ఉద్దానంలో, టెక్కలి, సోంపేట వైపు చాలా ఇళ్ళలో కారు ఊళ్లో ఉంటుంది, నడిపేవాళ్ళు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. సంక్రాంతికి వచ్చి కవరు తీసి కీ తిప్పితే టకటకే. తాళం వేసి నిలిపిన కారు కూడా గడియారానికి, అలారానికి, కంప్యూటరుకి కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా నెలకు 21 ఆంపియర్ అవర్లు దాటుతుంది. చిన్న కార్ల బ్యాటరీ మొత్తం 35 ఆంపియర్ అవర్లే. పైగా ఇక్కడి ఎండ. విదేశీ పుస్తకాలు చలికి బ్యాటరీ చస్తుందంటాయి గానీ, మన దగ్గర దాన్ని తినేది వేసవి. వేడి పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క.

కాబట్టి ముందు మల్టీమీటర్ తీయాలి. ఖరీదైనది అక్కర్లేదు. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12.0 అయితే అడుగంటినట్టు. ఇది ఒక్కటే చూసి వదిలేయకూడదు. 12.5 చూపించిన ముసలి బ్యాటరీ కూడా భారం పడగానే చేతులెత్తేస్తుంది. అందుకే ఒకరు సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. రీడింగు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని ఛార్జింగుకు పెట్టి మళ్ళీ చూడాలి. నిండా ఛార్జయ్యాక కూడా అలాగే పడిపోతే బ్యాటరీ పని అయిపోయింది.

బ్యాటరీ 10.5 దగ్గర నిలబడి కూడా ఇంజిన్ బద్ధకంగా తిరుగుతుంటే కథ వేరు. కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో, నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల తిరిగే బళ్ళకు ఇది మామూలు. ఉప్పుగాలికి టెర్మినల్ కింద, ఎర్త్ వైరు బోల్టు కింద సన్నటి తుప్పు పొర కడుతుంది. పైకి బోల్టు బిగుతుగానే కనిపిస్తుంది. ఆ పొర కరెంటుకు పెట్టే అడ్డం (రెసిస్టెన్స్) ఓమ్‌లో వందో వంతు అనుకుందాం. ఓమ్స్ మీద పెట్టిన మామూలు మీటరు దాన్ని చూడనే లేదు. కానీ దానిగుండా 150 ఆంపియర్లు వెళితే 1.5 వోల్టులు అక్కడే ఆవిరి, 225 వాట్ల వేడి ఆ బోల్టు దగ్గరే. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి కీ తీసేశాక టెర్మినళ్ళను, ఎర్త్ బోల్టును ముట్టుకుంటే ఒకటి మిగతావాటికంటే వెచ్చగా తగిలిందంటే దొంగ దొరికినట్టే.

మీటరుతో పట్టే పద్ధతి కూడా తేలికే. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక కొసను బ్యాటరీ ప్లస్ సీసపు మొన మీదే ఆనించాలి. క్లాంపు మీద పెడితే మొనకీ క్లాంపుకీ మధ్య ఉన్న తుప్పు లెక్కలోకి రాదు. రెండో కొస సోలినాయిడ్ మీద లావు కేబుల్ బోల్టుకు. సెల్ఫ్ కొడుతుండగా 0.5 వోల్టు దాటకూడదు. తర్వాత మైనస్ మొన నుంచి మోటార్ ఒంటికి చూడాలి. అక్కడ 0.3 దాటితే ఎర్త్ వైరు పని చూడాల్సిందే. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తే పోతుంది. సెల్ఫ్ మార్చాలని తేల్చేసిన కార్లలో కొన్ని ఇంతటితో బాగుపడతాయి.

టకటక కాకుండా ఒక్కటే "టక్"మని ఊరుకుంటే అనుమానం అప్పుడు మోటార్ వైపు మళ్ళాలి. లైట్లు తగ్గకుండా టక్‌మందంటే కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు. లైట్లు బాగా తగ్గిపోయి టక్‌మందంటే మోటారో ఇంజినో బిగిసిపోయి ఉండొచ్చు. వరద నీళ్లలో మునిగిన కారు విషయంలో ఈ రెండోది బాగా గుర్తుపెట్టుకోవాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాన్లప్పుడు నీళ్లు సిలిండర్లలోకి చేరితే, అవి గాలిలా నలగవు. అలాంటప్పుడు పదేపదే సెల్ఫ్ కొడితే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. అక్కడ కీ ముట్టుకోకుండా టోయింగ్ పిలవడమే మంచిది.

ఈ సందర్భంలోనే సుత్తి బయటికి వస్తుంది. మోటార్ మీద రెండు దెబ్బలు వేస్తే తిరగడం నిజమే, ఇరుక్కున్న బ్రష్ కదులుతుంది కాబట్టి. కానీ ఇప్పటి చిన్న కార్ల సెల్ఫ్‌లలో ఎక్కువగా ఒంటి లోపల అతికించిన పింగాణీ లాంటి అయస్కాంతాలు ఉంటాయి. దెబ్బకు అవి పగిలితే ముక్కలు ఆర్మేచర్‌కి అడ్డం పడతాయి. బ్రష్‌లతో పోయేది మొత్తం మోటార్‌కి చుట్టుకుంటుంది. సోలినాయిడ్ బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి డైరెక్ట్ చేయడం అంతకంటే చెడ్డ అలవాటు. గేరులో ఉన్న బండి ముందు నిలబడి ఆ పని చేస్తే అది మీదికి దూకుతుంది.

గర్రు

పళ్ళు పళ్ళు రాసుకునే శబ్దం ఒకసారి విన్నాక ఎవరూ మర్చిపోరు. ఏసీ, పాటలు పెట్టుకుని, నడుస్తున్న ఇంజిన్ మీదే మళ్ళీ కీ తిప్పితే వచ్చేదీ అదే. అలా ఒకటి రెండుసార్లు జరిగితే ప్రపంచం మునిగిపోదు. ప్రతి స్టార్టుకీ వస్తుంటే మాత్రం ముందు స్పానర్ పట్టుకుని మోటార్‌ను గేర్‌బాక్స్ హౌసింగుకు పట్టి ఉంచే రెండు మూడు బోల్టులు చూడాలి. వదులుగా ఉంటే మోటార్ కాస్త ఒరిగి పళ్ళు వంకరగా కలుస్తాయి. బోల్టు బిగించడానికి ఖర్చు లేదు, అందుకే అది ముందు.

శబ్దం రోజూ కాకుండా అప్పుడప్పుడు, ఒకసారి గర్రుమని మరోసారి మామూలుగా వస్తుంటే రింగు పళ్ళను అనుమానించాలి. దీనికి చక్కటి కారణం ఉంది. ఇంజిన్ ఆపినప్పుడు ఫ్లైవీల్ ఇష్టం వచ్చిన చోట ఆగదు. తర్వాతి సిలిండర్‌లో నలుగుతున్న గాలిని దాటే ఊపు లేక, కొంచెం వెనక్కి దొర్లి, దాదాపు ఎప్పుడూ అవే చోట్ల నిలబడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు రింగు మీద అలాంటి చోట్లు రెండు, ఎదురెదురుగా. ఆల్టో, టియాగో పెట్రోల్ లాంటి మూడు సిలిండర్ల బళ్ళకు మూడు. ఏళ్ల తరబడి పినియన్ వచ్చి తగిలేది ఆ కొద్ది పళ్ళకే. మిగతా రింగు కొత్తదానిలా ఉన్నా అక్కడ పళ్ళ అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి.

దీన్ని ఇంట్లోనే తేల్చవచ్చు. మాన్యువల్ గేరు బండి చదునైన చోట ఉండగా, గర్రుమన్న వెంటనే ఇగ్నిషన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ తీసి, టాప్ గేరులో వేసి బండిని కొద్దిగా తోయాలి. ఇంజిన్ కొద్దిగా తిరిగి రింగు మీద వేరే పళ్ళు పినియన్ ముందుకు వస్తాయి. మళ్ళీ న్యూట్రల్ చేసి సెల్ఫ్ కొడితే శుభ్రంగా పట్టిందా? అయితే రింగే. ఇంకా గట్టిగా రుజువు కావాలంటే మోటార్ విప్పినప్పుడు ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, ఇంజిన్‌ను చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ పళ్ళన్నీ చూడాలి. మొదలెట్టిన పన్ను మీద చాక్‌పీస్ గీత ఉంటే చుట్టు పూర్తయిందీ లేనిదీ తెలుస్తుంది. తాజాగా మెరిసే ఇనుప రజను మోటార్ మూతి దగ్గర కనిపిస్తే ఇంకా అరుగుతోందని అర్థం. రింగు మార్చడం ఇంటి పని కాదు, గేర్‌బాక్స్ దించాలి. అది దించినప్పుడు క్లచ్ ప్లేట్ కూడా చూసుకుంటే మళ్ళీ కూలి పడదు.

కూతలు, మూలుగులు

మోటార్ రయ్యిన తిరిగి, ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ క్లచ్ జారుతోంది, లేదా ఫోర్కు విరిగి పినియన్ ముందుకు రావడం లేదు. రెండూ మోటార్ విప్పాల్సినవే.

ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ సన్నటి కూత పెరిగి, అందుకోగానే ఆగితే పినియన్‌కీ రింగుకీ మధ్య ఎడం ఎక్కువైంది. ఇంజిన్ అందుకుని, కీ వదులుతుండగా కూస్తే ఎడం మరీ తక్కువైంది. అమెరికా వీడియోలు చూసినవాళ్లు ఇక్కడ సన్నటి రేకులు పెట్టి ఎడం సరిచేయాలంటారు. అది అక్కడి కొన్ని ఇంజిన్ల సంగతి. మన చిన్న కార్లలో మోటార్ మూతి గేర్‌బాక్స్ హౌసింగులో కోసిన గుండ్రటి గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. ఎడం మారిందంటే బోల్టు వదులైనా అయి ఉండాలి, మోటార్‌ను బిగించే అంచు (ఫ్లాంజి) కింద తుప్పో మట్టో అయినా ఉండాలి, వేరే మోడల్ మోటార్ అయినా తగిలించి ఉండాలి.

కీ వదిలాక మోటార్ ఆగుతూ ఆగుతూ గుర్రుమంటే ఆర్మేచర్ వంగి ఉండొచ్చు, లేదా దాని షాఫ్టు కొసలను పట్టి ఉంచే బుష్‌లు అరిగి అది పక్కలకు రాసుకుంటూ ఉండొచ్చు.  కీ తీసినా మోటార్ తిరుగుతూనే ఉంటే మాత్రం ఆలోచించే టైం లేదు. కాంటాక్టులు అతుక్కుపోయాయి. వెంటనే బ్యాటరీ మైనస్ ఊడదీయాలి.

సెల్ఫ్‌ది కాని శబ్దం కూడా దాని ఖాతాలో పడుతుంటుంది. రాత్రంతా ఆగిన కారు పొద్దున్న అందుకోగానే ఒకటి రెండు సెకన్లు గొలుసు ఊపినట్టు గలగలమని ఆగిపోతే అది టైమింగ్ చైన్. ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ వదులుగా ఉండటం వల్ల వస్తుంది. కొన్ని డీజిళ్లలో స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ కూడా దబదబమంటే రెండు పలకల ఫ్లైవీల్‌ను చూడాలి. ఇంజిన్ ఆపేటప్పుడు సెల్ఫ్‌కు పనే ఉండదు కదా.

విప్పాల్సి వస్తే

మోటార్‌దే తప్పని తేలాక ఇంట్లో విప్పడం కష్టం కాదు, తొందరపడితే ప్రమాదం. లావు కేబుల్‌కు కీతో పని లేదు, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. చాలా కార్లలో దానికి ఫ్యూజు కూడా ఉండదు. స్పానర్ ఒక కొస ఆ బోల్టు మీద ఉండగా రెండో కొస బాడీకి తగిలితే స్పానర్ ఎర్రగా కాలుతుంది. అందుకే బ్యాటరీ మైనస్ ముందు తీయాలి, చేతి ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే కొన్ని బళ్ళకు పైనుంచే చెయ్యి అందుతుంది. కిందనుంచే తీయాలంటే మాత్రం స్టాండ్లు కావాలి. టూల్ కిట్ జాకీ మీద బండిని నిలబెట్టి కిందికి దూరడం ప్రాణంతో చెలగాటం.

మోటార్ బయటికి వచ్చాక ఒంటికీ మూతకీ కలిపి ఒక గీత గీసుకుంటే మళ్ళీ బిగించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. వెనక మూత తీయగానే బ్రష్ స్ప్రింగులు ఎగురుతాయి, కింద గుడ్డ పరుచుకోవాలి. కార్బన్ బ్రష్ కొత్తదానిలో సగం కంటే పొట్టిగా ఉంటే మార్చాలి. బ్రష్‌లు రాసుకునే కమ్యుటేటర్ రాగి పట్టీలు నల్లబడితే సన్నటి సాండ్‌పేపర్‌తో చుట్టూ సమంగా రుద్ది, పట్టీల మధ్య గాళ్ళలో చేరిన పొడి గీకేయాలి. ఎమరీ గుడ్డ వద్దు, దాని రేణువులు రాగిలో దిగబడి బ్రష్‌లను అరగదీస్తాయి. మీటరుతో పట్టీకీ షాఫ్టుకీ మధ్య చూసినప్పుడు కరెంటు దారి కనిపిస్తే ఆర్మేచర్ షార్టయింది, ఇక ఆ మోటార్‌తో ఇంట్లో పని లేదు.

ఎక్కువమంది పాడుచేసేది బెండిక్స్‌ను. ప్రతి భాగాన్నీ పెట్రోల్‌లో ముంచి కడగడం మన అలవాటు. బెండిక్స్ క్లచ్ లోపల ఫ్యాక్టరీలో నింపిన గ్రీజు ఉంటుంది. పెట్రోల్ పడితే అది కొట్టుకుపోయి, క్లచ్ త్వరలోనే జారడం మొదలుపెడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. పినియన్‌ను చేత్తో తిప్పితే ఒకవైపు గట్టిగా పట్టాలి, రెండోవైపు మెత్తగా తిరగాలి. షాఫ్టు మీది వంకర గాళ్ళకు గ్రీజు పలుచగా చాలు. దట్టంగా పూస్తే క్లచ్ పొడి చేరి బంకలా మారి, పినియన్ వెనక్కి రాదు. కంచు బుష్‌లకైతే గ్రీజు కంటే ఇంజిన్ ఆయిల్ నయం. కొత్త బుష్‌ను రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి వేస్తే మంచిది.

బ్రష్‌లు, బుష్‌లు, కాంటాక్టుల వరకు సొంతంగా చేసుకోవడం లాభమే. ఆర్మేచర్ కాలినా, అయస్కాంతం పగిలినా, సోలినాయిడ్ మూత నొక్కి మూసేసిన రకమైనా సెల్ఫ్-డైనమో పనివాళ్ళకు ఇవ్వడమే తెలివి. కొత్త మోటార్ కొనేటప్పుడు పాతదాన్ని పట్టుకెళ్లి పినియన్ పళ్ళు లెక్కపెట్టి, బోల్టు రంధ్రాలు పోల్చి చూసుకోవాలి. చవకగా వచ్చిందని కొన్న మోటార్‌కి ఒక పన్ను తేడా ఉన్నా అది రింగును తినేస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు మోటార్ ఫ్లాంజిని, హౌసింగు ముఖాన్ని లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. చాలా కార్లలో మోటార్‌కి ఎర్త్ అందేది ఆ ముఖం గుండానే. కొత్త మోటార్ మీద అందంగా వేసిన పెయింట్ కూడా అక్కడ అడ్డమే. బోల్టులు, కేబుల్ నట్టు బిగించాక బ్యాటరీ మైనస్ చివర్లో కలపాలి. ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు, మధ్యలో ఒక నిమిషం ఆగాలి. ఆ మొదటి పది సెకన్లలోనే మీటరు కొసలు మళ్ళీ మైనస్ మొనకీ మోటార్ ఒంటికీ ఆనించి 0.3 లోపు ఉందో లేదో చూసుకుంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తిరిగి పెట్టేయొచ్చు.